మూగ కూత

బుద్ధితక్కువతనానికి మార్కులు వేసే పద్ధతి ఉంటే, చెవుల విషయంలో నాకు నూటికి నూరు రావాలి. ముప్పై మూడేళ్లు కాజీపేటలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లల గోళ్లు చూశాను, పళ్లు చూశాను, తలలో పేలు కూడా చూశాను. చెవుల గురించి ఒక్క మాట చెప్పలేదు. చెప్పకపోగా, మెడలో స్టీలు ఈల వేసుకుని పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం ఆటల దాకా ఊదుతూనే ఉన్నాను. నా ఈలకు స్టేషన్‌లో రైళ్లు కదిలిపోతాయని తోటి టీచర్లు నవ్వితే, పొగడ్త అనుకుని మర్నాడు ఇంకాస్త గట్టిగా ఊదేవాణ్ని. ఆ ఈలను అందరికంటే దగ్గర నుంచి విన్నవి నా చెవులేనన్న చిన్న సంగతి నా పెద్ద తలకాయకు తట్టలేదు. ఈల వేసి గోల కొనితెచ్చుకున్నాను.

రిటైరయ్యేనాటికి సగం వినికిడి నాకంటే ముందే రిటైరైపోయింది. నేను మాత్రం లోకమంతా గొణగడం మొదలుపెట్టిందని నమ్మాను. టీవీలో వార్తలు చదివేవాళ్లు గొణుగుతున్నారు, బ్యాంకులో అమ్మాయి గొణుగుతోంది, అందరికంటే ఎక్కువగా నా భార్య గొణుగుతోంది. దవాఖానకు పోదామని ఆమె ఎనిమిదేళ్లు చెప్పింది. అన్నీ పెడచెవిన పెట్టాను. అప్పటికి నాకున్నవి రెండూ పెడచెవులే. స్కూటర్ తాళంచెవితో చెవి తిప్పుకున్నాను, రెండూ చెవులే కదా అని. వెల్లుల్లిపాయ వేసి కాచిన నూనె పోసుకున్నాను. చెవికి తాలింపు వాసన వచ్చింది తప్ప వినికిడి రాలేదు.

ఒకరోజు నా భార్య కుక్కర్ పొయ్యి మీద పెట్టి పక్కింటికి వెళ్తూ, "సారూ, మూడు కూతలు పెట్టినంక బందు చెయ్యి" అంది. నేను ముందు గదిలో శ్రద్ధగా చెవి ఒగ్గి కూర్చున్నాను. తిరిగి వచ్చిన ఆమె ముక్కు మూసుకుని వంటింట్లోకి ఉరికింది.

"ఎన్ని కూతలయినయ్?"

"ఒకటి. ఇంకా రెండు కావాలి."

"ఒకటి గాదు, పన్నెండు. పప్పు పాణం ఇడిసింది."

కుక్కరు కూత వినలేనివాణ్ని, ఏటేటా మా పేటలో జరిగే కబడ్డీ పోటీలకు నేనే రెఫరీని. రెఫరీ అనేవాడి అసలు పని కూత వినడం. రైడర్ 'కబడ్డీ కబడ్డీ' అంటూ ఊపిరి తెంపకుండా అవతలి కోర్టులోకి వెళ్లి, ఆ కూత తెగకముందే తిరిగి రావాలి. తెగితే ఔట్. మరి వినపడకుండా నేను ఎలా నెట్టుకొచ్చానంటే, పెదాలు చూసి. పెదాలు కదులుతుంటే కూత ఉన్నట్టు, ఆగితే తెగినట్టు. ఈ ఉపాయం నేనే కనిపెట్టాను కాబట్టి నాకు చాలా గర్వంగా ఉండేది. దాన్ని ఇంకొకడు కూడా కనిపెట్టాడని నాకు తెలియదు.

ఆ ఇంకొకడు నా దోస్తు. శిక్షణ కాలేజీలో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం, ఒకేసారి ఉద్యోగంలో చేరాం, ఒకే ఏడు దిగిపోయాం. వాడూ పీఈటీనే. రిటైరయ్యాక ఒక జట్టును తయారు చేసి కోచ్ అయ్యాడు. వరుసగా రెండేళ్లు కప్పు వాడి జట్టుదే. రెండోసారి ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడింది మడికొండ అవతలి ఒక ఊరి జట్టు. దాని కెప్టెన్ ఒకప్పుడు నా విద్యార్థి, ఇప్పుడు పత్తి, మిర్చి వేసుకునే రైతు. ఆ ఫైనల్లో అతను నా దగ్గరికి మూడుసార్లు పరుగెత్తుకొచ్చి చేతులు ఊపుతూ ఏదో అరిచాడు. డప్పుల మోతలో, మైకు హోరులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెఫరీతో వాదిస్తున్నాడని మొదట గ్రీన్ కార్డు చూపించాను. అది అమెరికాలో ఉండమనే కార్డు కాదు, నోరు మూసుకుని ఉండమనే కార్డు. మళ్లీ వస్తే పసుపు కార్డు చూపించి రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాను. ఆ రెండు నిమిషాల్లోనే మిగిలినవాళ్లంతా ఔటై వాళ్ల కోర్టు ఖాళీ అయింది. జనం పడీపడీ నవ్వారు. కెప్టెన్‌ను చూసి నవ్వుతున్నారనుకుని, క్రమశిక్షణ అంటే ఇలా ఉండాలని నేనూ మీసం దువ్వాను.

వారం తర్వాత ఆ కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. నా అలవాటు తెలుసు కాబట్టి దగ్గరికి జరిగి గట్టిగానే మాట్లాడాడు.

"సార్, కొట్లాటకు రాలే. నాకు కబడ్డీ నేర్పింది మీరే. గందుకే వచ్చిన. జర గీ వీడియో సూడుండ్రి."

ఫోన్లో ఫైనల్ ఆట. డప్పులు ఆగిన ఒక నిమిషం. నా దోస్తు జట్టు రైడర్ కోర్టులో దూకుతున్నాడు. పెదాలు చకచకా కదులుతున్నాయి.

"మంచిగనే పెడతాండు గదరా కూత," అన్నాను.

వంటింట్లోంచి నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఫోన్ వైపు వంగి విని, నా మొహం చూసి, మళ్లీ ఫోన్ వైపు వంగింది.

"ఏడ కూత? పోరని కాళ్ల సప్పుడు వినబడ్తాంది. జనాల నవ్వు వినబడ్తాంది. వీడు ఉత్తగ మూతి ఆడిత్తాండు."

నేను కెప్టెన్ వైపు చూశాను. అతను తల దించుకున్నాడు.

"రెండేండ్ల సంది గంతే సార్. గ్రౌండ్ల అందరికి ఎర్కే. వాళ్ల కోచ్ సారే నేర్పిండట. 'రెఫరీ చెవులు పనిజేస్తలేవు, కండ్లే చెవులు. మూతి ఆడిస్తే సాలు, దమ్మంత మిగుల్తది' అన్నడట. గదే మీకు చెప్దామని ఉరికొస్తే నాకు కార్డు ఇచ్చిండ్రు."

నాకు నా దోస్తు వేసిన పాత వేషాలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. మా వీడ్కోలు సభలో వాడు నా ఎదురుగా నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. నేను "అవునవును, నిజమే" అని తలూపాను. హాలంతా ఘొల్లుమంది. వాడు నన్ను ఏదో పొగిడి, చివర్లో ఒక జోకు వేశాడనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. వాడు శబ్దం లేకుండా మూతి ఆడించాడు. జోకు వేయలేదు, జోకు నేనే.

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. "మా ఊరోళ్లు ఇగ రారంటాండ్రు సార్. మీరు రెఫరీగ ఉంటే పోటీకే రామని తీర్మానం చేసిండ్రు. మీతోని చెప్పి పోదామని వచ్చిన."

ఆ మాట నన్ను కొట్టినట్టుగా జీవితంలో ఏదీ కొట్టలేదు. నేను నేర్పిన ఆట ఆడేవాడు, నేనున్నానని ఆట మానేస్తానంటున్నాడు. కమిటీకి చెప్పవచ్చు. చెబితే నన్ను చెవిటివాడని పక్కన పెడతారు, నా దోస్తును కొంటెవాడని భుజం తట్టి వదిలేస్తారు. పోయేది వాడి కప్పు కాదు, నా ఈల. పైగా నా చేతుల మీదుగా జరిగిన తప్పు నా చేతుల మీదుగా దిద్దుకోకుండానే పోతుంది.

"ఒక్కసారి రండ్రా," అన్నాను. "వచ్చే ఏడు ఒక్కసారి. ఎవ్వనికి చెప్పొద్దు. ఆనాడు కూడ నాకు వినబడకపోతే ఈల ఇరగ్గొట్టి నీ చేతిల పెడ్త."

అతను నమ్మలేదు. కానీ గురువు కదా, సరేనన్నాడు.

మర్నాడు నేనే ముందు తయారై భార్యను దవాఖానకు బయలుదేరదీశాను. ఎనిమిదేళ్లు ఆరోగ్యం చేయించలేని పని పగ ఒక్క రాత్రిలో చేయించింది. ముందు డాక్టర్ చెవులు చూసి, గులిమి తీసి, నూనెలూ తాళాలూ ఇక ముట్టవద్దని చెప్పి పరీక్షకు పంపాడు. వినికిడి పరీక్ష చేసే మేడం నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడితే బటన్ నొక్కమంది. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని హాయిగా కూర్చున్నాను. బయటికొచ్చాక గీత గీసిన కాగితం చూపించింది. ఎడమ నుంచి నిదానంగా వచ్చి, కుడివైపు గుట్ట మీద నుంచి దూకినట్టు కిందికి పడిపోయింది గీత.

"సన్నటి శబ్దాలు పోయినయ్ సార్. మనిషి గొంతు వినబడ్తది, మాట విడిపోదు. ఏం పని చేసేవాళ్లు?"

"ఈల వేసేవాణ్ని."

ఆమె నవ్వలేదు. పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలని చెప్పింది. రెండు చెవులకూ మిషన్లు కావాలంది. చివరికి అడిగింది: "మీరు ముఖ్యంగా ఏం వినాలనుకుంటున్నారు సార్? ఫోనా, టీవీనా, ఇంట్లో మాటలా?"

"ఒకడు నోరు మూసుకున్నాడా లేదా అన్నది వినాలమ్మా," అన్నాను.

మిషన్లు పెట్టుకోగానే అమృతం కురుస్తుందనుకున్నాను. చెవిలో సంత పెట్టినట్టయింది. చెప్పుల చప్పుడు, పేపర్ తిప్పితే చప్పుడు, నేను నమిలే సకినం పొలంలో ట్రాక్టర్ తిరిగినట్టు. నా గొంతు నాకే డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది. నాలుగో రోజు తీసి డబ్బాలో పెట్టేశాను. ఐదో రోజు కెప్టెన్ పంపిన వీడియో ఇంకోసారి చూశాను. అందులో ఒక మూలన నా దోస్తు కనిపించాడు, నడుం మీద చేతులు పెట్టుకుని, నన్ను చూపించి పక్కవాడికి సైగ చేస్తూ. డబ్బా తెరిచి మిషన్లు పెట్టుకున్నాను. నీరసించినప్పుడల్లా అదే నాకు బలం మందు.

మేడం చెప్పినట్టే చేశాను. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, తర్వాత వరండాలో, తర్వాత బజార్లో. వినడం చెవి కాదట, మెదడు మళ్లీ నేర్చుకోవాలట. నా మెదడుకు కొత్త పాఠం నేర్పడం ఎంత కష్టమో నా చిన్ననాటి టీచర్లు చెప్పగలరు. స్నానానికి ముందు తీయడం, చెమట తుడవడం, చిన్న బ్రష్‌తో గులిమి దులపడం, పడుకునే ముందు తేమ పీల్చే డబ్బాలో పెట్టడం, అన్నీ పద్ధతిగా చేశాను. చీమల్ని చూసి నేర్చుకోమని పిల్లలకు చెప్పేవాణ్ని. చీమకు కూడా పగ ఉండి ఉంటుంది, అంత శ్రద్ధ ఊరికే రాదు. స్టీలు ఈల ఇక నోట్లో పెట్టవద్దని కూడా ఆమె గట్టిగా చెప్పింది. బటన్ నొక్కితే మోగే ఈల తెచ్చుకుని, చెయ్యి చాచి దూరంగా పట్టుకోవడం నేర్చుకున్నాను.

అసలు సాధన వంటింట్లో జరిగింది. నేను గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగి కూర్చోవాలి. నా వెనక నా భార్య కూర కలుపుతూ 'కబడ్డీ కబడ్డీ' అనాలి. ఆమె ఎక్కడ ఆపితే అక్కడ నేను చెయ్యెత్తాలి. పెదాలు చూసే వీలు లేదు. మొదటి వారం ఆమె ఆపినా నాకు కబడ్డీ వినపడుతూనే ఉండేది.

"నేను ఎప్పుడో ఆపిన సారూ. కూర దించి, కొత్తిమీర కూడ ఏసిన."

"మరి వినబడ్డదే?"

"నీకు వినాల్సింది వినబడదు, వినొద్దనుకున్నది మాత్రం వినబడ్తది. పెండ్లయిన కాడికెల్లి గదే గద."

పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏందక్కా రోజు కబడ్డీ అంటానవ్, ఏమన్న మొక్కా?"

"మొక్కు గాదు చెల్లె, మా సార్‌కు వైద్యం. నాకేమో దమ్ము పెరుగుతాంది."

రెండు నెలల్లో ఆమె ఊపిరి తీసుకునే చోటు కూడా పట్టేశాను. ఆ తర్వాత ఫ్యాన్ వేసి, మిక్సీ వేసి, టీవీ పెట్టి సాధన చేశాం. ఆపైన పొద్దున గ్రౌండుకు పోయి, ఆడుకునేవాళ్లకు వీపు తిప్పి నిలబడేవాణ్ని. అలిగి నిలబడ్డానని అనుకునేవాళ్లు. మేడం నా ఫోన్లో గ్రౌండ్ కోసమని వేరే అమరిక పెట్టింది. అది పెడితే వెనక మోత తగ్గి, ఎదురుగా ఉన్న మాట ముందుకొస్తుంది.

చలికాలం వచ్చింది. పోటీలకు పది రోజుల ముందు నా దోస్తు ఫోన్ చేశాడు.

"అరేయ్! ఈసారి గూడ నువ్వే రెఫరీ! కమిటోళ్లు కొత్తోన్ని పెడ్తమన్నరు, నేనే వద్దన్న! నువ్వు లేక కబడ్డీ ఏడిదిరా!"

మిషన్లకు ఫోన్ కలిపి ఉంది కాబట్టి వాడి అరుపు నేరుగా నా రెండు చెవుల మధ్యలో మోగింది. వాడి గొంతు వెనక ఇంకెవరో కిసుక్కున నవ్వడం కూడా వినపడింది. సరే వస్తానని చెప్పాను. ఇంత మంచి దోస్తు ఎవరికి దొరుకుతాడు, తన గొయ్యికి తనే కొలతలు ఇచ్చేవాడు!

ఆ రోజు చెవుల మీదికి దిగేలా మఫ్లర్ చుట్టుకుని గ్రౌండుకు వెళ్లాను. వాడు ఎదురొచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. వాడి చెంప నా మిషన్‌కు నొక్కుకుని అది 'కుయ్య్' మని కూసింది. నేను మఫ్లర్ ఇంకాస్త కిందికి లాక్కున్నాను. మైకు దగ్గరున్నతను, "మైకు కూస్తాంది, జర సౌండ్ తగ్గించుండ్రి" అని అరిచి స్పీకర్లు సగానికి తగ్గించాడు. ఆ రోజు గ్రౌండు నాకు చేసిన మొదటి సాయం అది.

ఆట వాడి జట్టుకూ కెప్టెన్ జట్టుకూ. మొదలుపెట్టే ముందు ఏటా చెప్పినట్టే చెప్పాను: "కూత అందరికీ వినపడేలా, స్పష్టంగా పెట్టాలి. తెగితే ఔట్." వాడి ఆటగాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను హెచ్చరించలేదని రేపు ఎవరూ అనకూడదు.

మొదటి రైడ్‌కు వాళ్ల పెద్ద ఆటగాడు వచ్చాడు. గీత దాటాడు. పెదాల మీద కబడ్డీ ఉంది, గాలిలో లేదు. కాళ్ల కింద మట్టి కరకరమనడం వినపడుతోంది, ఎక్కడో కాజీపేట వైపు రైలు వినపడుతోంది. ఆ మూతి ఆడుతున్నంతసేపూ ఆ నిశ్శబ్దాన్ని చెవులారా విన్నాను. ఒక నిశ్శబ్దం ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. చెయ్యి చాచి బటన్ నొక్కాను. ఔట్.

వాడు కోర్టు మధ్యలో నిలబడిపోయాడు. "ఏంది సార్?"

"కూత లేదు."

రెండోవాడు కొంచెం భయపడుతూ వచ్చాడు కానీ రెండేళ్ల అలవాటు ఊరికే పోతుందా. మూతి ఆడించాడు. ఔట్. అవతల కెప్టెన్ నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. మూడోవాడు బుద్ధి తెచ్చుకుని గట్టిగా కబడ్డీ అందుకున్నాడు. నాలుగు అడుగులు వెళ్లేసరికి కూత సన్నబడింది, గొంతులో ఈల వచ్చింది, తెగింది. నేను అప్పుడు గ్రహించాను. రెండేళ్లుగా కూత పెట్టకుండా ఆడినవాళ్లకు దమ్ము ఎక్కడుంటుంది? నేను వేయాల్సిన శిక్షలో సగం వాళ్ల కోచే ముందుగా వేసి ఉంచాడు. విరామం వేళకు వాడి జట్టు రెండుసార్లు ఖాళీ అయింది.

కెప్టెన్ నీళ్లు తాగుతూ నా పక్కగా వెళ్తూ ఆగాడు. ఒకప్పుడు బడిలో ప్రార్థన దగ్గర నిలబడినట్టు నిటారుగా నిలబడి, "సార్" అని మాత్రం అన్నాడు. అతను ఎప్పటిలా అరవలేదు, మామూలుగా అన్నాడు. వినపడింది. పదకొండు నెలలు కబడ్డీ విన్నందుకు ఆ ఒక్క మాట చాలు నాకు.

అప్పుడే నా దోస్తు గ్రౌండులోకి దూసుకొచ్చాడు. విరామం కదా, డప్పులవాళ్లు అందుకున్నారు. వాడు నా మొహంలో మొహం పెట్టి, చెవిటివాడికి చెప్పినట్టే అరిచాడు.

"కూత పెట్టిండ్రు రా! ఈడికెల్లి నాకు సాఫ్‌గ వినబడ్డది! నీకు వినబడలే!"

నేను నిదానంగా, మామూలు గొంతుతో, "మూడోవాడు నాలుగో అడుగులో తెంపిండు" అన్నాను.

"ఆఁ?"

వాడి కుడి చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. తల కొంచెం పక్కకు వంగింది. కళ్లు నా పెదాల మీదికి దిగాయి. ఎనిమిదేళ్లు అద్దంలో చూసుకున్న భంగిమ అది, నేను పోల్చుకోకుండా ఉంటానా? వాడూ ముప్పై మూడేళ్లు ఈల వేసినవాడే. నా చెవుల్ని నవ్వులాటకు పెట్టినవాడి చెవులు కూడా నా చెవులతోపాటే అరిగిపోయాయి. ఆ గ్రౌండులో ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

తెలిసినప్పుడు చెప్పడం ధర్మం. ఆలస్యం చేసే కొద్దీ మెదడు మాటల్ని మరిచిపోతుందని మేడం చెప్పింది, అలా ఎనిమిదేళ్లు పోగొట్టుకున్నవాణ్ని నేను. కాబట్టి అక్కడికక్కడే, దాచకుండా, అన్నీ చెప్పాను. "రేపే పోయి పరీక్ష చేయించుకోరా. చెవిల నూనె పొయ్యకు. తాళంచెవి పెట్టకు. రెండు చెవులకు మిషన్లు పెట్టించుకో. నాలుగో రోజు తీసెయ్యాలనిపిస్తది, తీయకు. నీ భార్య చెప్పేది గొణుగుడు కాదు." ఒక్క ముక్క వదలలేదు. డాక్టర్ దవాఖాన ఎటువైపుందో కూడా చెప్పాను.

గొంతు మాత్రం పెంచలేదు. డప్పులవాళ్లను ఆపమనీ అనలేదు. చేతిలోని స్కోరు కాగితం పొరపాటున నా నోటికి అడ్డం వచ్చింది.

"ఆఁ? ఏందీ?" అన్నాడు వాడు, ఇంకా దగ్గరికి వంగి. చుట్టూ ఉన్నవాళ్లు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు, అదీ వినపడింది, నాకు.

మొత్తం మొదటి నుంచి మళ్లీ చెప్పాను, అంతే మెల్లగా. మూడోసారి కూడా చెప్పాను. నాలుగోసారి అడిగితే నాలుగోసారీ చెప్పేవాణ్నే, దోస్తు కదా. కానీ విరామం అయిపోయింది.